చేపల వలలు, గాలాల ప్రదర్శనకు జనం తగ్గిపోతుంటే ఏం చేయాలి?

నల్గొండలో ఏటా పెట్టే "వేట, చేపల సామాన్ల ప్రదర్శన"కు జనం పలుచబడుతున్నారని, స్టాళ్లవాళ్లు వచ్చే ఏడు రామంటున్నారని, ప్రచారానికి ఇంకా డబ్బులు పెట్టాలా అని అడిగారు. ఇట్లాంటి మేళాల ఏర్పాట్లలో ఉన్న అనుభవంతో చెప్తున్నా: ప్రచారం దగ్గర మొదలుపెట్టకండి. వల ధర, దాణా ధర ఇప్పుడు ఫోన్లోనే తెలుస్తాయి. పాంఫ్లెట్ల కోసం చందంపేట నుంచి ఎవరూ బస్సెక్కి రారు. ఫోన్లో కాని పని మైదానంలో జరగాలి. చినిగిన వల బాగు కావాలి, చెరువు నీళ్లు పరీక్ష కావాలి, సబ్సిడీ దరఖాస్తు నిండాలి, బతికున్న చేప ఇంటికి పోవాలి.

ముందు తేదీ సంగతి. నవంబర్ 21 ప్రపంచ మత్స్య దినోత్సవం కాబట్టి అధికారులు దొరుకుతారని చాలామంది ఆ వారమే పెడతారు. అప్పుడు మన దగ్గర వరి కోతలు, కొనుగోలు కేంద్రాల్లో వడ్ల కుప్పల కాపలా. చేపల సంఘాల సభ్యుల్లో చాలామంది రైతులే, ఎట్లా వస్తారు? సంక్రాంతి దాటితే మాఘమాసం జాతరలు: చెర్వుగట్టు, మన్యంకొండ, రెండేళ్లకోసారి దురాజ్‌పల్లి. మిగిలేది డిసెంబర్ రెండో సగం, జనవరి మొదటి వారం. కొనుగోళ్లకూ అదే సరైన కాలం. ఆగస్టు నుంచి అక్టోబర్ దాకా చేప పిల్ల వదిలిన చెరువులు ఫిబ్రవరి నుంచి నీళ్లు తగ్గి పట్టుబడికి వస్తాయి, మృగశిర కార్తె దాకా అమ్మకం నడుస్తుంది. వలలు, ఐస్ డబ్బాలు, తెప్పలు దానికి ముందే కొంటారు. మూడు రోజులు వద్దు, జనం చీలిపోతారు. శనివారం, ఆదివారం చాలు. శనివారం సంఘాలకు, ఆదివారం పట్నం కుటుంబాలకు.

పేరులోని "వేట" గురించి గట్టిగానే చెప్పాలి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తర్వాత అడవి జంతువుల వేట నేరం. ఉచ్చులు, బోన్ల స్టాల్ ఒక్కటి కనబడినా మొత్తం ప్రదర్శనకు మచ్చ. అయితే ఆ స్టాళ్ల దగ్గరికి వచ్చే రైతుకు అడవి పందుల బాధ నిజమైనది. నల్లమల అంచు మండలాల్లో మక్క, పల్లి చేన్లు నిలబడనీయవు. అందుకే ఆ భాగం మొత్తం పంట కాపలా సామాన్లకు ఇవ్వండి: సోలార్ కంచె, కంచె తీగకు షాక్ పంపే ఝట్కా మిషన్లు. డబ్బా బల్లమీద పెట్టి చూపిస్తే లాభం లేదు. ఇరవై అడుగుల పొడవు కంచె నిజంగా కట్టించండి, కింది తీగ నేలకు జానెడు ఎత్తులో. పంది ముట్టెతో తోస్తుంది కాబట్టి ఆ తీగే ముఖ్యం. ఎర్ర చల్క నేల ఎండితే ఎర్తింగ్ పట్టదు, షాక్ బలహీనపడుతుంది. కొన్నవాళ్లు మిషన్‌నే తిట్టుకుంటారు. ఎర్తింగ్ రాడ్ చుట్టూ బొగ్గు, ఉప్పు వేసి నీళ్లు పోయకముందు ఒకసారి, పోసిన తర్వాత ఒకసారి మీటర్ పెట్టి చూపితే రైతు అక్కడే నిలబడి వింటాడు. గడ్డి తీగకు తగిలితే ఏమవుతుందో కూడా చూపాలి. ఝట్కా మిషన్ సెకనుకోసారి లిప్తపాటు షాక్ ఇస్తుంది, స్తంభం నుంచి నేరుగా లాగిన కరెంటు మనిషినీ చంపుతుంది. ఈ మాట మైకులో గంటకోసారి చెప్పించండి, ప్రాణాలు పోతున్న విషయం ఇది.

ఇక చేపల వైపు. అన్నిటికంటే జనాన్ని పట్టుకొచ్చేది వలల మరమ్మతు బల్ల. "చినిగిన వల తెచ్చుకోండి, ఉచితంగా అల్లి ఇస్తాం" అని చెప్పండి. నలుగురు పాత చేతివాటం ఉన్న గంగపుత్ర, ముదిరాజ్ పెద్దలను కూలి ఇచ్చి కూర్చోబెట్టండి. వాళ్ల కూలి ఎగ్గొట్టి "సన్మానం" అనడం పద్ధతి కాదు. వల ఉతికి ఆరబెట్టి తేవాలని ముందే చెప్పాలి, లేకుంటే వాసనకు పక్క స్టాళ్లవాళ్లు గొడవ చేస్తారు. ఒక్కొక్కరికి ఒక్క వల, చారెడు మేర చిరుగులే. పూర్తిగా పోయిన వలలు తీసుకుంటే రెండు రోజులూ ఒకరి పనే అవుతుంది. వల అల్లుతుంటే యజమాని అరగంట ఆగుతాడు. ఆ అరగంటలో అతని చుట్టూ దారం, సీసం గుండ్లు, బెండ్లు, తాళ్లు అమ్మే స్టాళ్లుండాలి. మైదానం ప్లాన్‌లో ఇంతకంటే ముఖ్యమైనది లేదు.

వలలు అమ్మేవాళ్లకు ఒక షరతు పెట్టండి: ప్రతి వలకు చీటీ ఉండాలి. దారం డెనియర్ (ఎంత సన్నం, ఎంత దొడ్డు అనే కొలత), పోగులు, కన్ను సైజు మిల్లీమీటర్లలో, కిలో ధర. "పెద్ద కన్ను, చిన్న కన్ను" అంటే కుదరదు. కన్ను కొలిచేటప్పుడు వలను బిగలాగి ఎదురెదురు ముడుల మధ్య కొలవాలని బోర్డు రాయించండి. సగం తగాదాలు అక్కడే పుడతాయి. పట్టు వల (చేప మొప్పల దగ్గర చిక్కే వల) కట్టేటప్పుడు 100 మీటర్ల వలగుడ్డను దాదాపు 50 మీటర్ల తాడుకు ఎక్కిస్తే వల వదులుగా వేలాడి చేప బాగా చిక్కుతుంది. వలగుడ్డ మిగిలిపోతుందని కొత్తవాళ్లు 70, 80 మీటర్ల తాడుకు సాగదీస్తారు, వల బిగుసుకుపోయి చేప సరిగ్గా చిక్కదు. రెండు రకాలూ పక్కపక్కన కట్టి వేలాడదీస్తే చాలు, ఉపన్యాసం అక్కర్లేదు.

నీళ్ల పరీక్ష రెండోది. కొర్రమట్ట, బొచ్చె, రవ్వ పెంచే కుంటల రైతులు దీనికే వస్తారు. లీటరు సీసాను కుంటలోనే ముంచి, గాలి లేకుండా నీళ్లలోనే మూత పెట్టి, నీడలో పెట్టుకుని అదే రోజు తేవాలి. పీహెచ్, క్షారత, కాఠిన్యం, అమ్మోనియా చూడొచ్చు. పీహెచ్ 7.5 నుంచి 8.5 మధ్య ఉంటే ఫర్వాలేదు. ఆక్సిజన్ మాత్రం సీసాలో తెచ్చిన నీళ్లతో తేలదు, దారిలోనే మారిపోతుంది. దాన్ని తెల్లవారక ముందు గట్టు మీదే కొలవాలి, ఎందుకంటే చేపలు, నాచు రాత్రంతా వాడుకున్నాక అప్పుడే అన్నిటికంటే తక్కువుంటుంది. మీటర్ వాడకం స్టాల్‌లోనే నేర్పండి. బోరు నీళ్లు నేరుగా కుంటలోకి వదిలేవాళ్లకు ఒక మాట తప్పక చెప్పాలి: ఆ నీళ్లలో ఆక్సిజన్ దాదాపు ఉండదు, పైనుంచి చిమ్మించి వదలాలి. ఒక్కో సీసాకు పావుగంట పడుతుంది, కాబట్టి టోకెన్లు ఉదయమే ఇచ్చేయండి, ఫలితం కాగితం మీద రాసివ్వండి.

ఆదివారం పట్నం జనానికి బతికున్న చేపల అమ్మకం. ఇక్కడే ఎక్కువ ప్రదర్శనలు దెబ్బతింటాయి. తొట్టిలో మున్సిపల్ నల్లా నీళ్లు పట్టి అదే పూట చేపలు వేస్తే క్లోరిన్‌కు చనిపోతాయి. ఒకరోజు ముందే నింపి గాలి మోటారు నడపాలి. చేపలకు ఒకరోజు ముందు నుంచి మేత ఆపాలి, లేదంటే పెంట వేసి నీళ్లు పాడుచేస్తాయి. బొచ్చె అన్నిటికంటే ముందు చచ్చి తేలుతుంది, దాన్ని ప్రదర్శన తొట్టిలో పెట్టకండి. కొర్రమట్ట పైకొచ్చి గాలి పీల్చుకుంటుంది, బతుకుతుంది. కానీ ఎగురుతుంది, కాబట్టి నీటిపైన జానెడు ఖాళీ వదిలి పైన వల కట్టాలి. మధ్యాహ్నానికి వాసన మొదలైతే వచ్చిన కుటుంబాలు వచ్చినట్టే పోతాయి.

పొద్దున్నే చేప కొన్నవాళ్లు సంచి పట్టుకుని నేరుగా ఇంటికి పోతారు, స్టాళ్లు చూడరు. దానికి టోకెన్ పద్ధతి ఉంది. కొన్న చేపను అక్కడే కోసి శుభ్రం చేసి, కిలో చేపకు కిలో ఐస్ చొప్పున డబ్బాలో పెట్టి, బయటికి పోయే గేటు దగ్గర ఇవ్వండి. చేతులు ఖాళీ కాబట్టి మైదానమంతా తిరుగుతారు. చేపల పులుసు, ఫ్రై అమ్మే మహిళా సంఘాల బల్లలు కూడా ఆ గేటు దగ్గరే ఉండాలి.

పోటీలు పెడితే విసురు వల పోటీ పెట్టండి. నేల మీద టార్పాలిన్ పరచాలి, రాళ్లకు వల చినుగుతుంది. విచ్చుకున్న వలను రెండు అడ్డ కొలతలు తీసి సగటు కట్టండి, వల పొడవు అందరిదీ ఒకటే ఉండాలి. గాలం కర్రలవాళ్లు హైదరాబాద్ నుంచి వస్తారు, వాళ్లకు గురి చూసి విసిరే పోటీ. కొక్కెం తీసేసి సీసం గుండు మాత్రమే. కొర్రమట్టకు వాడే కప్ప బొమ్మ ఎరలు, అల్లిక దారాలు వాళ్లు కొంటారు, ఆ స్టాల్ పోటీ పక్కనే.

సంఘాలను పిలిచే తీరు మార్చాలి. ఫ్లెక్సీలు పట్నంలో కాదు, అంగడి జరిగే ఊళ్లలో కట్టండి. సంఘం అధ్యక్షుడికి నెల ముందు స్వయంగా చెప్పాలి, వారం ముందు నిమిషం దాటని వాయిస్ మెసేజ్, ముందురోజు ఊర్లో చాటింపు. మూసీ, డిండి, ఉదయసముద్రం, కోయిల్‌సాగర్, జూరాల ప్రాజెక్టుల కింది సంఘాలకు ఒక్కో బండి మాట్లాడి పెట్టండి, పట్నం గోడల రంగులకంటే ఆ ఖర్చు మేలు. మెసేజ్‌లో "తరలిరండి" అనొద్దు. "సంఘం సభ్యత్వ కార్డు, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ తెచ్చుకోండి, ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన దరఖాస్తు అక్కడే రాసిస్తారు" అనాలి. ఆ పథకంలో సబ్సిడీ జనరల్ వాళ్లకు 40 శాతం, ఎస్సీ, ఎస్టీ, మహిళలకు 60 శాతం. ఈ తేడా తెలియక మగవాళ్ల పేరుతోనే దరఖాస్తులు వేసే ఇళ్లు ఎన్నో.

సభ వేదికను స్టాళ్లకు దూరంగా వేయండి. ముఖ్య అతిథి వచ్చేదాకా రిబ్బన్ కత్తిరించం అంటే ఊళ్ల నుంచి పొద్దున్నే వచ్చినవాళ్లు ఎండలో కూర్చుని విసిగిపోతారు. ఎనిమిదింటికి స్టాళ్లు తెరవాల్సిందే, ప్రారంభోత్సవం ఎప్పుడైనా కానీయండి.

స్టాళ్లవాళ్లు మళ్లీ రావాలంటే వాళ్లకు కావలసింది తలల లెక్క కాదు, కొనేవాళ్ల వివరాలు. గేటు దగ్గర రిజిస్టర్‌లో సంఘం పేరు, చెరువు ఎన్ని ఎకరాలు, ఏం కావాలి, ఏ నెలలో కొంటారు రాయించండి. చెప్పినవాళ్ల అనుమతితో ఆ కాగితం నకలు సాయంత్రమే స్టాళ్లకు ఇవ్వండి. ఆదివారం మధ్యాహ్నమే సామాను సర్దేసే అలవాటుంది, తర్వాత వచ్చినవాళ్లకు ఖాళీ టెంట్లు కనిపిస్తాయి. స్టాల్ అద్దెలో కొంత డిపాజిట్‌గా తీసుకుని ఆరు గంటలకు తిరిగివ్వండి. వలలు అల్లే చిన్న పనివాళ్లకు అద్దె సగానికి తగ్గించండి, జనం వచ్చేది వాళ్ల దగ్గరికే.