కొన్న పాత సైకిల్ దొంగసొత్తని తేలితే?

ప్రశ్న: మాది విజయనగరం. మూడు నెలల కిందట ఒకాయన దగ్గర పాత మౌంటెన్ బైక్ 8,000 రూపాయలకు కొన్నాను. డబ్బు ఫోన్‌లో పంపాను, రశీదు అడగలేదు. పాపకి వెనక సీటు, ముందు బుట్ట, రోడ్డు టైర్లు వేయించడానికి ఇంకో 5,500 అయింది. మొన్న గంటస్తంభం దగ్గర ఒకాయన ఆపి, ‘ఇది మా అబ్బాయి సైకిల్. పోయిందని కంప్లైంట్ ఇచ్చాం’ అన్నారు. ఇచ్చేయాలా? నా మీద కేసవుతుందా? నేను వేయించిన సామాను మాటేమిటి? మా ఆవిడ సైకిల్‌కి మోటార్ కిట్ పెట్టిస్తే లైసెన్సు కావాలా?

జవాబు: టెన్షన్ పడకండి, కానీ నాన్చకండి కూడా. సైకిల్‌కి ఆర్సీ ఉండదు కాబట్టి ఫ్రేమ్ నంబరే ఆధారం. సైకిల్ తిరగేస్తే సాధారణంగా పెడళ్ల ఇరుసు గొట్టం అడుగున కొట్టి ఉంటుంది. ఆయన బిల్లులోనో ఫిర్యాదులోనో అదే నంబరు ఉందేమో చూడండి. రంగు, స్టిక్కర్ కలిసినంత మాత్రాన సరిపోదు.

నంబరు కలిసి, దొంగతనం నిజమైతే సైకిల్ ఆయనదే. అమ్మినవాడికి లేని హక్కు కొన్నవాడికి రాదని 1930 నాటి వస్తు విక్రయ చట్టం సెక్షన్ 27 చెబుతోంది. ఎన్ని చేతులు మారినా అంతే. అయితే ఒక మెలిక ఉంది. మీకు అమ్మినాయన దాన్ని ఎత్తుకురాలేదు, చెల్లని చెక్కిచ్చి కొన్నాడనుకోండి. అసలు యజమాని ఆ బేరం రద్దు చేసుకోకముందే, సంగతి తెలియక మీరు కొని ఉంటే సెక్షన్ 29 ప్రకారం సైకిల్ మీకే ఉంటుంది. కాబట్టి ‘పోయింది’ అంటే ఎలా పోయిందో ముందు కనుక్కోండి.

కేసు సంగతి. దొంగసొత్తని తెలిసి, లేదా అలా అనుకోవడానికి కారణం ఉండి కూడా దురుద్దేశంతో తీసుకుంటేనో, ఉంచుకుంటేనో భారతీయ న్యాయ సంహిత (ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 317(2) కింద నేరం. దానికి 3 ఏళ్ల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. మీ చాట్, డబ్బు పంపిన వివరం, అమ్మినాయన ఫోన్ నంబరు మీకు రక్ష. వాటిని చెరపకండి. ఫ్రేమ్ నంబరు గీకేసి ఉంటే మాత్రం ‘చూసుకోలేదా?’ అన్న ప్రశ్నకి జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది.

సైకిల్‌ని రోడ్డు మీద ఎవరికీ అప్పగించకండి. స్టేషన్‌లోనే ఇచ్చి, కాగితం తీసుకోండి.

సీటు, బుట్ట, టైర్లు మీవే. అలాగని ఈ రాత్రే ఊడదీస్తే ఏదో దాస్తున్నట్టు ఉంటుంది. ఫొటోలు తీసి, బిల్లులు చూపించి, పంచనామాలో రాయించండి. పాత టైర్లు పారేయలేదు కదా? అవి సైకిల్ యజమానికి చెందుతాయి. సామాను కోసం మేజిస్ట్రేటు కోర్టులో పిటిషన్ వేయొచ్చు గానీ, ఆయనతో మాట్లాడుకోవడమే నయం. ఎదిగిన కొడుక్కి పాప సీటుతో పనేముంటుంది?

డబ్బు రాబట్టాల్సింది అమ్మినాయన దగ్గర. తనకి అమ్మే హక్కుందని చెప్పకనే చెప్పినట్టని వస్తు విక్రయ చట్టం సెక్షన్ 14 అంటుంది. నోటీసిచ్చి, 3 ఏళ్లలోపు దావా వేయొచ్చు. ఆయన పట్టుబడినప్పుడు దగ్గర డబ్బు దొరికి, శిక్ష పడి, సైకిల్ యజమానికి చేరితే, ఆ డబ్బులోంచి మీ 8,000 ఇప్పించమని భారతీయ నాగరిక సురక్షా సంహిత (క్రిమినల్ కేసుల విచారణ పద్ధతి చట్టం) సెక్షన్ 499 కింద అడగొచ్చు. ఇది చాలామంది వాడుకోరు. సెకండ్‌హ్యాండ్ షాపులో కొని ఉంటే విజయనగరం వినియోగదారుల కమిషన్‌కే వెళ్లేవారు. ఇంటి దగ్గర సొంత సైకిల్ అమ్ముకున్న మనిషి మీద అక్కడ నడవదు.

ఇక మోటార్. 250 వాట్ల లోపు ఉండి, 25 కిలోమీటర్ల వేగానికి, లేదా తొక్కడం ఆపగానే కరెంటు ఆగిపోయేదై, పరీక్షా సంస్థ ఆమోదం ఉంటే అది మోటారు వాహనం కాదు. లైసెన్సు, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. అంతకంటే పెద్ద కిట్ పెడితే రెండూ కావాలి, బీమా కూడా. అది లేకుండా ఎవరికైనా దెబ్బ తగిలిస్తే పరిహారం మీ జేబులోంచే. కొనేముందు ఆమోదపత్రం అడగండి, బిల్లు మీద వాట్లు రాయించుకోండి.