బెల్టులు లెక్కపెట్టకండి

ప్రశ్న: రిక్ ఫ్లెయిర్ 16 సార్లు ప్రపంచ ఛాంపియన్. 2025లో జాన్ సీనా 17వ బెల్టుతో ఆయన్ని దాటేశాడు. అయినా మా స్నేహితుల మధ్య వాదన వచ్చిందంటే చివరికి అండర్‌టేకరే గొప్ప అని తేలుతుంది. గెలిచేదెవరో ముందే రాసిపెట్టుకునే ఈ కుస్తీలో ఒక రెజ్లర్ పేరు నిలిచేది దేనివల్ల?

జవాబు: బెల్టు అంటే ‘వీణ్ణి చూడ్డానికి జనం టికెట్ కొంటారు’ అని పోటీలు నడిపే కంపెనీ పెట్టుకున్న నమ్మకం. అది చిన్న విషయమేం కాదు, కానీ ఆ సీజన్ దాటాక దానితో ఎవరికీ పనిలేదు. ఎదుటివాడికి ఇతను ఏమిచ్చాడన్నదే నేను చూస్తాను.

1987, డబ్ల్యూడబ్ల్యూఎఫ్ (ఇప్పటి డబ్ల్యూడబ్ల్యూఈ) కంపెనీ ఏటా జరిపే పెద్ద పోటీ రెజిల్‌మేనియా 3. హల్క్ హోగన్ ఆండ్రే ద జెయింట్‌ని ఎత్తి కింద పడేశాడు. ఆండ్రే బరువు 520 పౌండ్లని ప్రకటించారు. స్టేడియానికి 93,173 మంది వచ్చారనీ ప్రకటించారు. రెండు అంకెల్నీ నేను కాస్త తగ్గించుకునే వింటాను. ఎంత తగ్గించినా, ఆండ్రే ఒప్పుకోకపోతే హోగన్ కాదు కదా, ఎవడూ ఆయన్ని ఎత్తలేడు. అప్పటికే వెన్నుకు ఆపరేషన్ అయిన మనిషి. ఏళ్ల తరబడి జనంలో పెంచుకున్న భయాన్నంతా ఒక్క దెబ్బతో హోగన్ పేరున రాసిచ్చేశాడు. మరుసటి ఏడాది బెల్టు గెలిచి, అక్కడికక్కడే తోటి రెజ్లర్ టెడ్ డిబియాసీకి అప్పగించాడు. ఆండ్రేని తలుచుకునేవాళ్లలో ఆ బెల్టు సంగతి ఎంతమందికి గుర్తుందో అడిగి చూడండి! 1993లో ఆయన పోయాక కంపెనీ హాల్ ఆఫ్ ఫేమ్ (గొప్ప రెజ్లర్ల గౌరవ జాబితా) మొదలుపెట్టింది. ఆ ఏడాది అందులో చేరిన పేరు అదొక్కటే.

జేక్ రాబర్ట్స్‌కైతే డబ్ల్యూడబ్ల్యూఎఫ్‌లో ఒక్క బెల్టూ దక్కలేదు. మిగతావాళ్లంతా మైకు పట్టుకుని అరుస్తుంటే ఇతను గొంతు తగ్గించి మాట్లాడేవాడు. ఎదుటివాడి తలని చంకలో ఇరికించుకుని వెనక్కి పడిపోయే డీడీటీ అనే దెబ్బ ఇతని చలవే. ఇప్పుడు దాన్ని వాడని రెజ్లర్ ఎవడు?

ఇక మీ అండర్‌టేకర్. ఆయన ప్రపంచ టైటిళ్లు ఎన్నో చాలామంది అభిమానులే తడుముకుంటారు. రెజిల్‌మేనియాలో 21-0 (21 గెలుపులు, ఒక్క ఓటమీ లేదు) మాత్రం నిద్రలో లేపి అడిగినా చెబుతారు. ఆ లెక్కకి అంత బరువు ఎలా వచ్చింది? ఎదుట ఓడినవాళ్లూ పెద్దవాళ్లయ్యారు కాబట్టి. 2010లో కెరీర్‌నే పణంగా పెట్టి ఓడి, తప్పుకున్న షాన్ మైకేల్స్‌ని ఆ ఓటమితోనే తలుచుకుంటాం. 2014లో బ్రాక్ లెస్నర్ చేతిలో ఆ లెక్క ముగిసినప్పుడు స్టేడియంలో జనం నోళ్లు తెరుచుకుని ఉండిపోయారు. దాన్ని అసలు ముగించకుండా ఉండాల్సిందనే నా అభిప్రాయం. పోట్లాటకు మీరు రావచ్చు.

ప్రశ్న: రింగ్ బయట చేసిన పనులు కూడా లెక్కలోకి వస్తాయా?

జవాబు: వస్తాయి. 2004లో రెజిల్‌మేనియా 20 చివరి మ్యాచ్ గెలిచి క్రిస్ బెన్వా కన్నీళ్లు పెట్టుకున్నాడు. 2007లో భార్యనీ ఏడేళ్ల కొడుకునీ చంపి, తానూ ప్రాణం తీసుకున్నాడు. కంపెనీ అతని పేరెత్తడం మానేసింది. ఆటనీ మనిషినీ విడదీసి చూడమనేవాళ్లున్నారు. నావల్ల కాదు.