పేరు మార్చిన శత్రువు

దేశాన్ని కుదిపిన యుద్ధాల మీద సినిమా తీసేవాళ్లు అసలు రాజకీయ విభేదాల జోలికి వెళ్లాలా, సైనికుల సాహసం చూపిస్తే చాలదా అని కొందరు అడిగారు. వెళ్లాల్సిందే అంటాను. చిత్తూరులో మా ఇంట్లో జరిగిన సంగతి ఒకటి చెబుతాను.

మా చిన్నాన్న 1987లో భారత శాంతి సేనతో శ్రీలంక వెళ్లారు. ఆ ఏడాది జులై 29న రెండు దేశాల మధ్య ఒప్పందం కుదిరింది. మొదట్లో అక్కడి తమిళులు పూలదండలతో ఎదురొచ్చారట. అక్టోబరుకల్లా, ప్రత్యేక తమిళ దేశం కోసం ఆయుధం పట్టిన ఎల్టీటీఈతో యుద్ధం మొదలైంది. శ్రీలంకలో ప్రేమదాస అధ్యక్షుడయ్యాక మీరిక వెళ్లిపొమ్మన్నారు. ఇక్కడ ఢిల్లీలో పంపిన ప్రభుత్వమే మారిపోయింది. 1990 మార్చిలో ఆఖరి దళాలు మద్రాసు రేవులో దిగితే స్వాగతానికి ముఖ్యమంత్రి కరుణానిధి వెళ్లలేదు. దాదాపు 1,200 మందిని పోగొట్టుకున్న సైన్యం అది. కాట్పాడిలో రైలు దిగి చిత్తూరు బస్సెక్కిన చిన్నాన్నను పక్క సీటాయన ‘ఎవరి మీద పోరాడి వస్తున్నారు?’ అని అడిగితే ఏం చెప్పాలో తోచలేదట.

కొన్నేళ్ల కిందట టీవీలో ‘మద్రాస్ కేఫ్’ వచ్చింది. ఆ యుద్ధం నేపథ్యంలో తీసిన 2013 నాటి ఆ హిందీ సినిమాలో ఎల్టీటీఈ కాస్తా ఎల్టీఎఫ్ అయింది. ‘వీళ్లెవరురా?’ అన్నారు చిన్నాన్న. రెండున్నరేళ్లు వాళ్లతో తలపడిన మనిషి! పోనీ పేరు మార్చినందువల్ల గొడవ తప్పిందా అంటే అదీ లేదు. తమిళనాడు థియేటర్లలో ఆ సినిమా ఆడనే లేదు.

ఆ రోజు మా పక్కింటి అత్త కూడా ఉన్నారు. వాళ్లది తమిళ కుటుంబం. 1987 అక్టోబరులో జాఫ్నా ఆసుపత్రిలో మన సైన్యం కాల్పులకు డాక్టర్లు, నర్సులు, రోగులు చనిపోయారు కదా, అప్పుడు మీరెక్కడున్నారు అని ఆవిడ చిన్నాన్నను అడిగారు. ‘ట్రింకోమలీలో ఉన్నానమ్మా’ అన్నారాయన. తర్వాత చాలాసేపు ఫ్యాను చప్పుడే. ముప్పై ఏళ్లుగా కరివేపాకు, మజ్జిగ ఇచ్చిపుచ్చుకున్న ఇళ్లు మావి; ఈ ప్రస్తావన ఎన్నడూ రాలేదు. చిన్నాన్న బస్సులో తెల్లబోయిందీ, అత్త నిలదీసిందీ రెండూ ఉన్న సినిమా నాకు కావాలి.

గొడవలవుతాయన్న భయమంటారా, 1989లో ఒక తమిళ సినిమా మీద నడిచిన రంగరాజన్ కేసులో సుప్రీంకోర్టు ఆందోళనల బెదిరింపుకు జడిసి సినిమాను ఆపడానికి వీల్లేదని తేల్చింది. అయినా అద్దాలు పగిలితే నష్టం థియేటరు యజమానిదే, ఆయన బెంగను నేను కాదనలేను.

ఇంకొకటి ఒప్పుకోవాలి. 2013లో సమైక్యాంధ్ర ఊరేగింపుల్లో నేనూ గొంతు పోయేలా అరిచాను. తెలంగాణవాళ్లు ఎందుకు విడిపోతామంటున్నారని అప్పుడెవరైనా అడిగి ఉంటే ఒక్క కారణమూ చెప్పలేకపోయేవాణ్ని. ఆ రోజుల మీద ఎవరైనా రెండు వైపులా విని సినిమా తీస్తే చూస్తాను. విశ్రాంతిలోపే లేచి వెళ్లిపోవాలనిపిస్తుందని తెలుసు. చిన్నాన్నను వెంట తీసుకెళ్తే చెయ్యి పట్టి కూర్చోబెడతారు.