ఛార్జ్ చుక్కలతో కరెంటు: మొదలుపెట్టే ముందు

చిరంజీవి అమ్ములుకి,

పెదనాన్న ఆశీస్సులు. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుకి నువ్వు ఎంచుకున్న విషయం విని చాలా సంతోషించాను. థర్మల్ ప్లాంటులో ఈఎస్పీల (పొగలోని బూడిదని విద్యుత్తుతో పట్టే యంత్రాల) దగ్గరే నా ఉద్యోగమంతా గడిచిందని నీకు తెలుసుగా. బూడిద రేణువుకి ఛార్జ్ ఎక్కించి, విద్యుత్ క్షేత్రంతో ప్లేటు వైపు లాగేవాళ్లం. నీది సరిగ్గా దానికి తిరగేసిన పని. వేడి వాయువు నాజిల్‌లో వ్యాకోచించి వేగం అందుకోవాలి, ఛార్జ్ ఉన్న నీటి చుక్కల్ని క్షేత్రానికి ఎదురుగా ఈడ్చుకుపోవాలి. ఆ పనిలో వాయువు పోగొట్టుకున్న శక్తే కలెక్టర్ దగ్గర, అంటే చుక్కల ఛార్జ్‌ని అందుకునే ఎలక్ట్రోడ్ దగ్గర, కరెంటుగా వస్తుంది. తిరిగే చక్రం లేదు, బేరింగులు లేవు.

ఆలోచన కొత్తదేం కాదు. 1840లో ఇంగ్లండులోని న్యూకాసిల్ దగ్గర ఒక బొగ్గు గనిలో, బాయిలర్ నుంచి లీకవుతున్న ఆవిరిలో చెయ్యి పెట్టిన పనివాడికి షాక్ కొట్టింది. విలియం ఆర్మ్‌స్ట్రాంగ్ అనే ఇంగ్లీషాయన దాని వెంటపడి పెద్ద యంత్రమే కట్టాడు. 1843లో ఫారడే అసలు సంగతి తేల్చాడు: పొడి ఆవిరితో ఛార్జ్ రాదు, ఆవిరితోపాటు వచ్చే నీటి తుంపర రంధ్రం అంచుల్ని రాసుకోవడం వల్ల వస్తుంది. 1960ల్లో అమెరికాలో మెరెడిత్ గుర్డైన్ దీన్ని మళ్లీ పైకి తెచ్చాడు. 1952 హెల్సింకి ఒలింపిక్స్ లాంగ్ జంప్‌లో వెండి పతకం తెచ్చుకున్న మనిషే. 1964లో సొంత సంస్థ పెట్టాడు. ఆయన పరిజ్ఞానం రంగుల స్ప్రేకి, పొగ తొలగించడానికి పనికొచ్చిందిగానీ పవర్ స్టేషన్ దాకా చేరలేదు. ఎందుకు చేరలేదో కాగితం మీద తేల్చుకున్నాకే వర్క్‌షాపుకి వెళ్లు.

మామూలు పీడనంలో గాలి సెంటీమీటరుకి 30 కిలోవోల్టుల దగ్గర తెగిపోతుంది, అంటే స్పార్క్ కొడుతుంది. ఆ క్షేత్రం ఒక దశలో (అంటే ఒక నాజిల్, ఒక కలెక్టర్ జతలో) వాయువు మీద మోపగల ఒత్తిడి సుమారు 40 పాస్కల్‌లే. నాజిల్ వైశాల్యం ఒక చదరపు సెంటీమీటరు, గాలి వేగం సెకనుకు 100 మీటర్లు అనుకో. ప్రవాహం 60 వాట్ల శక్తిని మోసుకెళ్తుంటే నీ చేతికి వచ్చేది ఎంత బాగా చేసినా 0.4 వాటు. గుండె జారనక్కర్లేదు. పీడనం పది రెట్లు పెంచితే తెగే క్షేత్రం కూడా దాదాపు అంతే పెరుగుతుంది, ఒత్తిడి దాని వర్గంతో పెరుగుతుంది. అప్పుడు 600 వాట్లలో 40 దాకా ఆశించవచ్చు. అసలు దారి అటే ఉందని నా గట్టి నమ్మకం. నీ రిపోర్టులో ఈ లెక్క మొదటి పేజీలో ఉండాలి. దాని పక్కనే కార్నో పరిమితి, అంటే వేడి నుంచి తీయగల పనికి ఉన్న గరిష్ఠ హద్దు, కూడా రాయి: 100 డిగ్రీల వేడి, 30 డిగ్రీల చల్లదనం మధ్య 19 శాతానికి మించి ఎవరూ తీయలేరు.

ఇక చుక్క సైజు. ఉత్త అయాన్లు పనికిరావు. సెంటీమీటరుకి 10 కిలోవోల్టుల క్షేత్రంలో అవి సెకనుకు 150 మీటర్ల దాకా వెనక్కి జారతాయి, అంటే నీ గాలి వాటిని మోయనే లేదు. ఒక మైక్రాన్ వ్యాసార్థం ఉన్న చుక్కకి కరోనాతో (హైవోల్టేజీ సూది మొన దగ్గర గాలి అయాన్లుగా మారే డిశ్చార్జితో) రెండు వేల ఎలక్ట్రాన్ల ఛార్జ్ ఎక్కిస్తే ఆ జారుడు సెకనుకు ఒక మీటరే. చుక్క పట్టగలిగినంతా ఎక్కిద్దామని మాత్రం చూడకు. రేలీ పరిమితి దాకా, అంటే లక్షకు పైగా ఎలక్ట్రాన్లు ఎక్కిస్తే అదీ అయానులాగే వెనక్కి పరుగెడుతుంది.

బెంచి మీద నిన్ను అన్నిటికంటే విసిగించేది తడి గోడ. చుక్కలు ఇన్సులేటర్ మీద చేరగానే కరెంటు అటునుంచి ఎర్త్‌కి పోతుంది. గొట్టం లోపల టెఫ్లాన్ వాడు, గోడని కొంచెం వెచ్చగా ఉంచు. మీ కాకినాడ ఉక్కలో వానాకాలం రీడింగులు నమ్మకు, కొలతలు డిసెంబరు, జనవరిల్లో పెట్టుకో. మామూలు మల్టీమీటరు తగిలిస్తే అదే ఛార్జ్ అంతా తాగేస్తుంది. కరెంటు మైక్రో ఆంపియర్లలో కొలువు, వోల్టేజీకి పెద్ద రెసిస్టర్ల గొలుసు కట్టు. ఎవరైనా 'ఇరవై వేల వోల్టులు వచ్చాయి' అంటే మురిసిపోకుండా ఎన్ని వాట్లో అడుగు. కరోనాకి, తుంపరకి, కంప్రెసర్‌కి ఖర్చయిన వాట్లు కూడా ఆ లెక్కలో తీసెయ్యి.

కలెక్టర్‌ని ఎర్త్ రాడ్‌తో తాకించకుండా చెయ్యి పెట్టకు. రెండోసారి కూడా తాకించు, ఛార్జ్ కొంత మిగిలిపోతుంది. ఒంటరిగా హైవోల్టేజీ ఆన్ చెయ్యకు. ఎవరు చెప్పినా స్పిరిట్, కిరోసిన్ తుంపర వాడకు, ఒక్క స్పార్క్ చాలు. పీడనం పెంచే రోజు వస్తే గాజు గొట్టం పక్కన పెట్టి, టెస్ట్ చేసిన స్టీలు పాత్ర తీసుకో.

నాజిల్, కలెక్టర్ మధ్య దూరం రాసిన డ్రాయింగ్ నాకు పంపు. ఇన్సులేటర్ పొడవు చాలుతుందో లేదో చూసి చెబుతాను.

మీ పెదనాన్న