వింగ్‌సూట్‌లో 40 జంప్‌లు చేశాను, పెద్ద సూట్ కొనొచ్చా?

200 స్కైడైవ్‌లు పూర్తిచేసి వింగ్‌సూట్ మొదలుపెట్టాను, కొందరు పెద్ద సూట్ కొనమంటున్నారు, కొందరు వద్దంటున్నారు, ఎవరి మాట వినాలి అని అడిగారు. నేను వద్దన్నవాళ్ల మాట వినని రకం, కాబట్టి ఆ కథే చెబుతాను.

ముందు ఒక మాట. వింగ్‌సూట్ అంటే చేతుల కింద, కాళ్ల మధ్య గుడ్డ రెక్కలుండే సూట్, పెద్దదంటే ఆ గుడ్డ ఎక్కువ. అమెరికా స్కైడైవింగ్ సంఘం యూఎస్‌పీఏ నియమంలోని ఆ 200 మొదటిసారి వింగ్‌సూట్ వేసుకోవడానికి, పెద్దది కొనుక్కోవడానికి కాదు.

కంపెనీల గొడవ పట్టించుకోకండి. 1999లో యారి కువోస్మా, రాబర్ట్ పెచ్నిక్ కలిసి బర్డ్‌మ్యాన్ అనే వింగ్‌సూట్ కంపెనీ పెట్టారు, తర్వాత పెచ్నిక్ ఫీనిక్స్-ఫ్లై పెట్టుకున్నాడు, ఆపైన టోనీ సూట్స్, స్క్విరెల్ కూడా వింగ్‌సూట్లు చేయడం మొదలుపెట్టాయి, ఎవరి సూట్ వాళ్లకు బంగారం. అసలు తగువు గుంపుగా ఎగిరేవాళ్లకీ, జీపీఎస్ అంకెల వెంట పడేవాళ్లకీ మధ్య. పోటీల్లో 1000 మీటర్ల ఎత్తు దిగేలోపు ఎంతసేపు గాల్లో ఉన్నావు, ఎంత దూరం పోయావు, ఎంత వేగంగా పోయావు అని వేర్వేరు జంప్‌లలో కొలుస్తారు. నేను ఆ అంకెల పిచ్చోణ్ణి. గుంపువాళ్లని షికారు బ్యాచ్ అని వెక్కిరించేవాణ్ణి కూడా.

50 చిల్లర జంప్‌లకే ఒక పెద్ద సూట్ సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. అంకెలు పెరిగాయి, నేను మెరుగుపడకుండానే (ఇది అప్పుడు అర్థం కాలేదు). ఒకరోజు పారాచూట్ తెరుద్దామని చెయ్యి వెనక్కి పెడితే పైలట్ చూట్ (పెద్ద పారాచూట్‌ని బయటికి లాగే చిన్నది) పిడి తగల్లేదు, చేతినిండా గుడ్డే. రెండోసారి దొరికింది గానీ అప్పటికే ఒకపక్కకి ఒరిగిపోయాను, పారాచూట్ తాళ్లు మెలికలు పడ్డాయి, కాళ్లు తన్నుకుంటూ విప్పుకున్నాను. ఆ రెండు ప్రయత్నాల మధ్య గడిచింది మూడు సెకన్లు కూడా కాదని తర్వాత జీపీఎస్ చూస్తే తెలిసింది, నాకైతే అరగంటలా ఉంది.

ఆ తర్వాత సిగ్గు వదిలేసి చిన్న సూట్‌తో గుంపులో చేరాను. అక్కడ తెలిసింది, పక్కవాడికి చెయ్యి అందేంత దూరంలో కదలకుండా నిలబడటం ఎంత కష్టమో. 2012లో కాలిఫోర్నియాలోని పెరిస్‌లో 100 మంది అలా నిలబడ్డారు. చేతులు పట్టుకోకుండా, ఫోటో మీద గళ్లు గీసి ఎవరి గడిలో వాళ్లున్నారా అని చూస్తే అదేం రికార్డు అని నేనూ వాదించినవాణ్ణే. ఇప్పటికీ ఆ పద్ధతి పూర్తిగా నచ్చదు, కానీ ఆ ఎగరడాన్ని తక్కువ చేసి మాట్లాడను.

మీకైతే, ఇప్పుడున్న సూట్‌లోనే వెల్లకిలా ఎగరగలుగుతున్నారా, పిడి ప్రతిసారీ మొదటిసారే దొరుకుతోందా, పారాచూట్ తిన్నగా తెరుచుకుంటోందా చూసుకోండి. వీటిలో ఏది తడబడినా ఆగండి. ఇప్పటికే కొనేసి ఉంటే మాత్రం మొదటి జంప్ ఒక్కరే చేయండి, పైనే రెండు మూడుసార్లు పిడి తడిమి చూడండి, మామూలు కన్నా ఎత్తులో తెరవండి.

ఇంకోటి, కొనమని చెప్పేవాడు తన పాత సూట్ అమ్ముకుంటున్నాడేమో కనుక్కోండి. "నువ్వు రెడీ" అని నాకు చెప్పింది అలాంటివాడే.