ఇనుము, వెనిగర్ నీళ్లతో బెల్టు తోలు నల్లబడక బూడిదరంగులో ఎందుకు ఆగిపోతుంది?

మీ ప్రశ్న ఇది: అనంతపురంలో కొన్న ఎనుము తోలు పట్టీకి, ఇనుప పీచు నానిన వెనిగర్ పూశారు. నలుపు రాలేదు, మచ్చలు మచ్చలుగా బూడిదరంగు వచ్చింది, రుద్దితే చేతికి అంటుతోంది. ఇంకా చిక్కగా చేసి పూయాలా అని అడిగారు.

వద్దు. ఈ పద్ధతిలో సీసాలో రంగు ఉండదు, కరిగిన ఇనుము మాత్రమే ఉంటుంది. అది తోలులోని టానిన్‌తో కలిస్తేనే నలుపు పుడుతుంది. టానిన్ అంటే పచ్చితోలు చెడకుండా పదును చేసేటప్పుడు తంగేడు చెక్క, తుమ్మ చెక్క (అంటే బెరడు), కరక్కాయల నుంచి తోలులోకి దిగే వగరు. ఆ వగరు చాలనప్పుడు ఇనుము ఎంత పోసినా నలుపు రాదు, పైగా తోలు పెళుసెక్కి మడత దగ్గర పగులుతుంది.

ముందు పట్టీ చివర చిన్న ముక్క కోసి అంచు చూడండి. మధ్యదాకా గోధుమరంగు ఉంటే చాలావరకు చెక్కతో పదును చేసిన తోలే. లోపల నీలం కలిసిన బూడిదరంగు ఉంటే అది క్రోమియం లవణాలతో పదును చేసిన క్రోమ్ తోలు, దానికి రెడీమేడ్ లెదర్ డై వాడుకోవడం మేలు. పచ్చితోలుకూ ఈ ఇనుము పద్ధతి పనికిరాదు. నిమ్మలకుంట తోలుబొమ్మల మేకతోలు అలాంటిదే, పదును చేయనిది కాబట్టి అందులో వగరు ఉండదు. అంచు చూసి తేలకపోతే ఆ ముక్క మీద ఇనుము నీళ్లు ఒక చుక్క వేయండి. చెక్క తోలైతే ఒకటి రెండు నిమిషాల్లోనే ముదురుతుంది. చుక్క ఇంకకుండా జారిపోతే పైన నూనో, మైనమో, ఫినిషో ఉన్నట్టు. మీకు మచ్చలు రావడానికి ఇదే కారణమై ఉండొచ్చు. గిన్నెలు తోమే సబ్బు నీళ్లతో కడిగి, బాగా జాడించి మళ్లీ చూడండి.

ఇక ద్రావణం సంగతి. కిరాణా అంగడిలో దొరికే తెల్ల వెనిగర్ సాధారణంగా 4 శాతం ఉంటుంది. అంటే లీటరులో సుమారు 40 గ్రాముల ఆమ్లం. అది కరిగించగలిగేది 18 గ్రాముల ఇనుమే. అందుకే లీటరుకు 25 గ్రాములు వేస్తే చాలు. ఇనుము కాస్త మిగలాలి, ఆమ్లం అయిపోవాలి. మిగిలిన ఆమ్లమే తర్వాత తోలును తినేది. పీచు పెయింట్ల అంగడిలో దొరికే ఇనుపది కావాలి. వంటింటి మెరిసే స్క్రబ్బర్ స్టెయిన్‌లెస్ స్టీలు, కరగదు. జింకు పూత మేకులు కూడా వద్దు. పీచు దొరక్కపోతే ఇంటి స్లాబుకు కమ్మీలు కట్టే నల్ల బైండింగ్ వైరు ముక్కలు చేసి వేయండి, నిదానంగా కరుగుతుంది కానీ పని చేస్తుంది. ఏది వేసినా ముందు సబ్బుతో కడిగి నూనె వదిలించాలి.

గాజు జాడీలోనే నానబెట్టండి, అల్యూమినియం గిన్నె వద్దు. మూత బిగించకండి. ఇనుము కరుగుతున్నంతసేపూ హైడ్రోజన్ వస్తుంది, బిగిస్తే జాడీ పగలొచ్చు. పొయ్యి దగ్గరా పెట్టకండి. పీచైతే వారం, మన ఎండాకాలంలో అంతకన్నా ముందే తయారవుతుంది. వైరుకు వారాలు పడుతుంది. బుడగలు ఆగి, వెనిగర్ ఘాటు బాగా తగ్గితే అయినట్టు. పాత నూలుగుడ్డ రెండు మడతలేసి వడకట్టండి. పీచు నలుసు తోలు మీద నిలిస్తే అక్కడ తుప్పు మచ్చ పడుతుంది, అది పోదు.

పలచన చేయాలంటే బోరు నీళ్లు పోయకండి. మన జిల్లాల బోరు నీళ్లలో సున్నం, ఉప్పులు ఎక్కువ, ఇనుము గోధుమరంగు మడ్డిగా దిగిపోతుంది. క్యాన్ నీళ్లు వాడండి.

మీ పట్టీ చెక్క తోలే అయితే బాగు చేయొచ్చు. మూలికల అంగడిలో కరక్కాయలు తెచ్చి, గింజ తీసేసి పెచ్చు దంచండి. 50 గ్రాముల పొడి లీటరు వేడినీళ్లలో వేసి రాత్రంతా ఉంచి వడకట్టండి. చల్లారాకే తోలు ముంచాలి, వేడినీళ్లకు తోలు ముడుచుకుపోతుంది. గంటసేపు నానాక తీసి, పైతడి గుడ్డతో పూర్తిగా ఒత్తి, చెమ్మ మాత్రమే మిగిలేదాకా నీడలో ఆరనివ్వండి. ఈ అడుగు తప్పకూడదు. పైన వగరు నీళ్లు నిలిచి ఉండగా ఇనుము పూస్తే నలుపు తోలు లోపల కాకుండా పైనే సిరాలా ఏర్పడుతుంది. చేతికి, చొక్కాకు అంటేది అదే. రెండూ ఒకే గిన్నెలో కలిపినా అంతే. కరక్కాయ దొరకకపోతే పాలు, చక్కెర లేని చిక్కటి టీ డికాషన్ వాడొచ్చు, నలుపు అంత లోతుగా రాదు. తంగేడు తోలులో నలుపు ఒక్కోసారి కొంచెం పచ్చగా కొడుతుంది, కరక్కాయ దాన్ని నీలివైపు లాగుతుంది. నాకు ఆ రెండో నలుపే ఇష్టం.

ఇప్పుడు చేతికి తొడుగులు వేసుకుని, స్పాంజితో ఇనుము నీళ్లు ఒకే ఊపులో పట్టీ పొడవునా రాయండి. మధ్యలో ఆపితే గీత కనిపిస్తుంది. ఐదు నుంచి పది నిమిషాల్లో రంగు ముదరడం ఆగుతుంది. ఇంకా నానబెడితే లాభం లేదు, నష్టమే. వెంటనే లీటరు నీళ్లలో ఒక టేబుల్ స్పూను వంటసోడా కలిపి, ఒకటి రెండు నిమిషాలు తడిపి ఆమ్లం విరవండి. సోడా ఎక్కువైతే తోలు గరుకెక్కుతుంది. తర్వాత నీళ్లు తేటగా వచ్చేదాకా మంచినీళ్లతో జాడించండి.

తడి ఆరేటప్పుడు రంగు వెలిసినట్టు, కొంచెం ఊదాగా కనిపిస్తే కంగారుపడి మళ్లీ ఇనుము పూయకండి. చెమ్మ ఉండగానే ఆముదం రెండు మూడు చుక్కలు గుడ్డకు రాసి పలచగా రుద్దండి, మర్నాడు ఇంకోసారి. అసలు నలుపు నూనె పట్టాకే తేలుతుంది. ఎండలో ఆరేయకండి, ముఖ్యంగా ఏప్రిల్, మే నెలల్లో.

బకిలు, రివెట్లు, కుట్టు అన్నీ రంగు పూర్తయ్యాకే. ఇత్తడికి ఈ నీళ్లు తగిలితే మసకబారుతుంది, పాలిస్టర్ దారం రంగు పట్టదు. మిగిలిన ద్రావణంలో చిన్న ఇనుప ముక్క ఒకటి వదిలి, మూత వదులుగా పెట్టి దాచండి. అలా ఉంచితే గాలి తగిలి తుప్పు మడ్డిగా మారడం చాలావరకు తగ్గుతుంది. వాడే ముందు ప్రతిసారీ వడకట్టి, తోలు ముక్క మీద ఒక చుక్క వేసి చూసుకోండి.