వాసూ, మీ అమ్మని తీసుకెళ్లే ముందు ఇది చదువు

ఒరే వాసూ,

మీ అమ్మని బెంగళూరు తీసుకెళ్లి నీ దగ్గరే ఉంచుకుంటావట. నిన్న తనే ఫోన్ చేసి చెప్పింది. ఆ గొంతులో సంబరం వింటుంటే నాకు కడుపు నిండిపోయింది. రాత్రి పడుకున్నాక మాత్రం గుబులు పట్టుకుంది. ఏళ్ల తరబడి సుగర్, ఇన్సులిన్‌కి తోడు మాత్రలు, ఏకాదశి వస్తే పచ్చి మంచినీళ్లు ముట్టని పట్టుదల. నువ్వేమో పొద్దున పోతే సిల్క్ బోర్డ్ ట్రాఫిక్ దాటుకుని ఏ రాత్రికో ఇల్లు చేరతావు.

నీకు తెలిసినవి ముందు చెప్పేస్తా. గ్లూకోమీటరు మంచం పక్కనే ఉండాలి. ఇన్సులిన్ సీసా మీద 40 యూనిట్లని ఉంటే ఎర్ర మూత సిరంజి, 100 అని ఉంటే నారింజ మూతది. 100 మందుని 40 సిరంజితో తీస్తే డోసు రెండున్నర రెట్లు అవుతుంది. చెమటలు, వణుకు, మాట తడబాటు, ఊరికే విసుక్కోవడం కనిపిస్తే వెంటనే సుగర్ చూడు. 70 కంటే తక్కువుంటే మూడు చెంచాల గ్లూకోజ్ పొడి నీళ్లలో కలిపి తాగించి, పావుగంటకి మళ్లీ చూడు. మాత్రల్లో వోగ్లిబోస్ ఉంటే పంచదార త్వరగా పనిచేయదు, గ్లూకోజే కావాలి.

స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకు. చుక్క నీళ్లు కూడా వద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పక్కకి తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చెయ్యి.

ఇక నా భయం చెబుతాను. ఇక్కడ చెన్నైలో మా వీధిలో ఒక పంతులుగారు ఉండేవారు. సుగర్ తగ్గించే గ్లిబెన్‌క్లమైడ్ మాత్ర వేసుకునేవారు. కిడ్నీలు అప్పటికే కాస్త దెబ్బతిన్నాయి. ఒకసారి విరేచనాలు పట్టుకుని రెండు రోజులు అన్నం సయించలేదు. మాత్ర మాత్రం తప్పకుండా వేసుకున్నారు. తెల్లవారుజామున ఎంత లేపినా పలకలేదు, బనియను పిండితే నీళ్లు కారేంత చెమట. నర్సింగ్ హోమ్‌లో నరంలోకి గ్లూకోజ్ ఎక్కిస్తుండగానే కళ్లు తెరిచి, కాఫీ ఏదే అని భార్యని అడిగారట. ఇంకేం, అందరికీ ప్రాణం లేచొచ్చింది. ఒక రోజు ఉంచమని డాక్టరు చెప్పినా కొడుకు వినలేదు. బాగానే ఉన్నారు కదా అని సంతకం పెట్టి మధ్యాహ్నానికి ఇంటికి తెచ్చేశాడు.

ఎక్కించిన గ్లూకోజ్ కాసేపట్లో అయిపోతుంది. మాత్ర మాత్రం ఒంట్లో తన పని తాను చేస్తూనే ఉంటుంది. కిడ్నీలు బలహీనంగా ఉంటే ఇంకా ఎక్కువసేపు. ఆ సాయంత్రం ఆయన పెరుగన్నం రెండు ముద్దలు తిని పడుకున్నారు. గురక వినిపిస్తోంది కదా, అలిసిపోయి నిద్రపోతున్నారని ఇల్లాలు లేపలేదు. అది నిద్ర కాదు, సుగర్ మళ్లీ పడిపోయి స్పృహ తప్పింది. పొద్దున మళ్లీ ఆసుపత్రికి తీసుకెళ్తే ప్రాణం దక్కింది. జ్ఞాపకం మాత్రం చెదిరిపోయింది. లెక్కలు చెప్పిన మనిషి చేతిలో చిల్లర ఎంతుందో చెప్పలేక, వేళ్లతో నాణేలు అటూ ఇటూ జరుపుతూ కూర్చునేవారు. పిల్లాడు చెడ్డవాడు కాదురా, తెలియక చేశాడు. నీకు తెలియదనే మాట రాకూడదనే ఇంత రాస్తున్నాను.

కాబట్టి స్పృహ వచ్చినా డాక్టరు పంపేదాకా కదలకు. అక్కడే ఉండి గంటగంటకీ సుగర్ చూడమని అడుగు. నిన్ను చాదస్తుడనుకుంటే అనుకోనీ. అసలు మీటరులో అంకె బాగానే ఉండి స్పృహ లేకపోయినా ఆగకు, అది పక్షవాతమో గుండె జబ్బో కావచ్చు.

మరో వైపు కూడా ఉంది. జ్వరమొచ్చి తిండి మానేసిందని నీ అంతట నువ్వే ఇన్సులిన్ ఆపేయకు, డాక్టరుని అడుగు. వాంతులు, ఆగని దాహం, ఎగశ్వాసతో మత్తుగా పడి ఉంటే అది సుగర్ విపరీతంగా పెరగడం వల్ల కావచ్చు. అప్పుడూ ఆసుపత్రికే.

ఏకాదశి సంగతి నువ్వు మెత్తగా చెబితే వినదు. దేవుడికి నేను సమాధానం చెప్పుకుంటానని పెద్దక్క అందని చెప్పు. పక్క ఫ్లాట్‌వాళ్లకీ వాచ్‌మన్‌కీ తన సుగర్ సంగతి చెప్పి, ఒక తాళం చెవి ఇచ్చి ఉంచు. నువ్వు ఆఫీసులో ఉండగా మధ్యాహ్నం ఒంటిగంటకి రోజూ నేనే ఫోన్ చేస్తాను. తీయకపోతే నీకు చేస్తాను, మీటింగ్ అనకుండా ఎత్తు.

ఇప్పుడు తను వేసుకుంటున్న మాత్రల అట్టలన్నీ వరసగా పెట్టి, పేర్లు కనపడేలా ఫోటో తీసి ఈ రాత్రికే పంపు.

మీ పెద్దమ్మ